లవెల్ చంకలో బంతి

మా మిసిసిపీ కాలేజీలో, చేత్తో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తడం లవెల్ టిబ్స్ పని. వాడికి అడ్డొచ్చేవాళ్లను తోసెయ్యడం నా పని. పేరొచ్చింది మాత్రం వాడికే!

మొదటి ఆటలోనే వాడు బంతి జారవిడిచాడు. అలాంటివాళ్లకు మా కోచ్ వేసే శిక్ష ఒకటే. వారమంతా ఎక్కడికెళ్లినా బంతి చంకలోనే ఉండాలి. ఎవరైనా కొట్టి పడగొట్టొచ్చు. పడిందా, మరో వారం మొయ్యాలి.

ఆదివారం చర్చిలో లవెల్ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే, పక్కనే ఉన్న వాళ్ల నానమ్మ ఎర్నస్టీన్ బంతిని ఒక్క గుద్దు గుద్దింది. అది దొర్లుకుంటూ పాస్టరు కాళ్ల దగ్గరికి పోయింది.

"ప్రార్థనలో కూడానా, నానమ్మా?"

"నీ ప్రార్థన అయ్యేదాకా అవతలి జట్టు ఆగుతుందేంట్రా?"

ఆ తర్వాత కాలేజీలో మూడేళ్లు, ప్రొఫెషనల్ జట్టులో ఐదేళ్లు, మోకాలు పోయేదాకా ఆడినా వాడి చేతిలోంచి బంతి జారలేదు.

మొన్న వాళ్ల నానమ్మ తొంభయ్యో పుట్టినరోజుకు లవెల్ తెల్లచొక్కా వేసుకుని క్రీము కేకు పట్టుకొచ్చాడు. ముసలావిడ కుర్చీలోంచే చెయ్యి చాచి కేకుకు కింద నుంచి ఒక్కటిచ్చింది. వాడు కేకును గట్టిగా గుండెకు అదుముకున్నాడు.

"పడలేదు నానమ్మా!" అన్నాడు గర్వంగా, గడ్డం దాకా క్రీముతో.

ఆవిడ వాడి చొక్కా మీది క్రీము వేలితో తీసి నాకింది.

"తీపి సరిపోయింది. ఇక ఆ చొక్కా విప్పు, ముక్కలు కోసి అందరికీ పంచాలి."