తొలికోత టిక్కీ, నా కుడివైపు కుట్లు

పరువు పోగొట్టుకోవాలంటే ఎవరైనా కాస్త చాటు చూసుకుంటారు. నేను మాత్రం పట్టపగలు, కాబోయే అత్తగారి ఊళ్ళో, చర్చి నిండా జనం తెల్లబట్టలు కట్టుకుని కూర్చున్నప్పుడు, మైకు పనిచేస్తుండగా పోగొట్టుకున్నాను. ఆ మైకు ఏడాదిలో పదకొండు నెలలు కుయ్యోమనడం తప్ప ఇంకేమీ చెయ్యదట. ఆ రోజు మాత్రం గంట కొట్టినట్టు పనిచేసింది. నా జాతకం అలాంటిది.

అప్పుడు నేను చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి. పొద్దస్తమానం పత్తి మధ్య కూర్చునేవాణ్ణేమో, నా ఒళ్ళు కూడా పత్తిలాగే తయారైంది. ఫ్యాను వేసినప్పుడల్లా మా మేనేజరు కాగితాల మీద ఒక బరువు పెట్టి, నా మీద ఇంకోటి పెట్టాలా అని అడిగేవాడు. అలాంటి నాకు ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్ళో సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు సలోమి, స్కూల్లో టీచరు. నాకు చూడగానే నచ్చింది. నేను తనకి నచ్చానని కబురొచ్చింది. ఏం చూసి నచ్చానో నేను అడగలేదు. అడిగితే ఆలోచనలో పడుతుందని భయం.

ప్రధానం జరిగిన రోజు భోజనాల దగ్గర కాబోయే మామగారు ఇమ్మానుయేలు గారు నా పక్కన కూర్చున్నారు. మిర్చి రైతు. మనిషి గడప దాటి వస్తే గదిలో వెలుగు తగ్గుతుంది. ఆయన నా ఆకులో ఇంకో ముక్క వేయించి, వాళ్ళ ఊరి ఆనవాయితీ చెప్పారు. కోతకాల పండుగకి రైతులందరూ తొలిపంట చర్చికి తెచ్చి అర్పిస్తారు, ఆ తర్వాత దాన్ని అక్కడే వేలం వేస్తారు. ఇంతవరకు బాగుంది. ఏ ఇంట్లోనైనా పెళ్ళి కుదిరిన ఆడపిల్ల ఉంటే మాత్రం, ఆ ఇంటి తొలికోత మిర్చి టిక్కీని కాబోయే అల్లుడే గేటు దగ్గర భుజానికెత్తుకుని, జనం మధ్య నుంచి మోసుకెళ్ళి, లోపల అర్పణల బల్ల ముందు దించాలి. టిక్కీ అంటే నలభై కిలోలు దాటేలా మిర్చి కూరి కుట్టిన గోనెసంచి.

"నేనూ ఈ ఊరి అల్లుణ్ణే బాబూ. మా మామ నా చేత మోయించాడు. ఇంతవరకు మా ఇంటి అల్లుడెవరూ మధ్యలో దించలేదు" అని నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువుకే నేను కుర్చీలో కొంత దిగాను.

చేతులు కడుక్కునే చోట ఒక పెద్దాయన నాకు మిగతా కథ చెప్పాడు. రెండేళ్ళ కింద ఒకాయన టిక్కీ కింద పడేశాడట, తర్వాత ఆ సంబంధం తప్పిపోయిందట. కట్నం దగ్గరో ఇంకెక్కడో తప్పి ఉండొచ్చు, కానీ ఊరంతా టిక్కీ దగ్గరే తప్పిందని నమ్ముతోంది. నేను సలోమి వైపు చూశాను. నవ్వుతూ ఎవరికో మంచినీళ్ళు పోస్తోంది. ఆ అమ్మాయిని ఒక గోనెసంచి కోసం పోగొట్టుకోవడం నా వల్ల కాదనిపించింది.

మర్నాడే మస్తాన్ దగ్గరకి పరిగెత్తాను. మస్తాన్, నేను ఒకే బెంచీ మీద చదువుకున్నాం. చదువు ఇద్దరికీ అంటలేదు గానీ వాడికి కండ అంటింది. హైవే పక్కన పాత ఎరువుల గోడౌన్ అద్దెకి తీసుకుని జిమ్ము పెట్టాడు. పండుగ లోపల నన్ను భీముణ్ణి చెయ్యమన్నాను. వాడు నన్ను పైనుంచి కింది దాకా చూసి, ముందు మనిషిని చేస్తానన్నాడు.

వాడు చెప్పినట్టు చేసుంటే ఈ కథే లేదు. ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టమన్నాడు. నడుం వంచొద్దన్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎత్తేటప్పుడు గాలి వదలమన్నాడు. నాకేమో తొందర. వాడు అటు తిరగ్గానే రాడ్డుకి ఇంకో ప్లేటు తగిలించి, ఊపిరి బిగబట్టి, ముఖం ఎండుమిరపకాయ చేసుకుని లేపేవాణ్ణి. కళ్ళ ముందు మిణుగురులు ఎగిరేవి. బలం వస్తోందంటే ఇదే కాబోలనుకున్నాను.

క్రిస్మస్ ముందు ఒకరోజు స్నానం చేస్తుంటే కుడి తొడ మొదట్లో, పొత్తికడుపు కింద, నిమ్మకాయంత ఎత్తుగా కనిపించింది. నా ఆనందం చెప్పలేను. తడి ఒంటి మీద లుంగీ చుట్టుకుని నేరుగా జిమ్ముకి వెళ్ళాను.

"ఒరేయ్ మస్తాన్, కండ వచ్చిందిరా."

"ఎక్కడ?"

చూపించాను. వాడు చూసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అక్కడ ఎవరికీ కండ రాదురా."

"నాకు వచ్చింది. నీ కుళ్ళు పక్కన పెట్టు."

"ఓసారి వెల్లకిలా పడుకో."

పడుకున్నాను. కండ లోపలికి వెళ్ళిపోయింది. లేచి నిలబడ్డాను, మళ్ళీ వచ్చింది. కండ ఇలా వచ్చిపోతుంటుందా అని అడిగాను.

"అది కండ కాదు, నీ పేగు. ఎవరొచ్చారో చూద్దామని బయటికి వచ్చింది. పద గుంటూరు" అన్నాడు మస్తాన్.

గుంటూరులో డాక్టరుగారు హెర్నియా అన్నారు. పొట్ట గోడకి చిల్లు పడిందట, అక్కడ చిన్న జాలీ పెట్టి మూయాలట. మా ఇంట్లో దోమలు రాకుండా కిటికీకి కొట్టినట్టే నాకూ కొట్టారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. పళ్ళు బిగించి ఎత్తనేల, పొట్ట కోయించుకోనేల అని ఎవరూ ముందుగా అనకపోవడం వాళ్ళ తప్పు.

పంపించేటప్పుడు డాక్టరుగారు జాగ్రత్తలు చెప్పారు. తను చెప్పేదాకా బరువులు ఎత్తొద్దు. నడక మంచిది. వీలైనంతవరకు దగ్గొద్దు, తుమ్మొద్దు. తప్పక దగ్గొస్తే ఆ చోట అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుని దగ్గాలి. మీరే చెప్పండి, గుంటూరు జిల్లాలో, ఊరూరా కల్లాల్లో మిర్చి ఎండే రోజుల్లో, దగ్గొద్దంటే ఎలా? చేపని తడవకుండా ఈదమన్నట్టుంది. నేను ఆ నెల్లాళ్ళూ కుడిచెయ్యి జేబులో పెట్టి తిరిగాను.

ఆపరేషన్ సంగతి అత్తవారికి తెలియనివ్వలేదు. మా అమ్మ చేత బైబిలు మీద ఒట్టు వేయిస్తానంటే, అలాంటి పనులకి బైబిలు ముట్టుకోనంది గానీ నోరు మూసుకుంటానంది. సలోమి ఫోన్ చేస్తే మిల్లులో ఆడిట్ అన్నాను. గొంతు నీరసంగా ఉందేమంటే ఆడిటర్లు తిండి తిననివ్వడం లేదన్నాను.

డాక్టరుగారు ఒప్పుకున్నాక మళ్ళీ జిమ్ముకి వెళ్ళాను. మస్తాన్ నన్ను పొద్దున్న ఆడవాళ్ళ బ్యాచ్‌లో వేసి, గులాబీ రంగు డంబెల్స్ రెండు చేతిలో పెట్టాడు. మామిడికాయంత ఉన్నాయి. నేను గాలి వదులుతూ, కళ్ళు మూసుకుని, గాజు గిన్నె పట్టుకున్నట్టు పైకి లేపుతుంటే పక్కనున్న పిన్నిగారొకావిడ చూడలేకపోయింది. "బరువేమో బాబూ, ఇటివ్వు" అని నా చేతిలోవి తీసుకుని తనవాటితో కలిపి నాలుగూ ఊపింది. పండుగ దగ్గర పడింది. టిక్కీ ఎత్తవచ్చా అని అడిగితే డాక్టరుగారు జాలీ ఖరీదు గుర్తుచేశారు.

అప్పుడు తట్టింది ఉపాయం. నేను పనిచేసేది పత్తి మిల్లులో. మామగారి గుర్తు వేసిన ఖాళీ సంచి ఒకటి ఏదో వంకతో అడిగి తెచ్చుకున్నాను. నిండా దూది కూరి, పైన జానెడు మందాన మిర్చి పోసి, మూతి కుడితే అచ్చం టిక్కీ. కల్లం నుంచి చర్చికి టిక్కీని మా స్నేహితుడి ట్రాలీ ఆటోలో మేమే తెస్తామని మామగారికి చెబుతాను. అసలుది ఆటోలో పట్టా కింద ఉంటుంది. నేను దూదిది మోస్తాను. అందరూ భోజనాలకి లేచినప్పుడు రెండూ మార్చేస్తాం. దేవుడి సొమ్ము దేవుడికి చేరుతుంది, నా పేగు నా పొట్టలో ఉంటుంది.

"అంతకంటే నిజం చెప్పెయ్యడం తేలికరా" అన్నాడు మస్తాన్.

"నీకు పెళ్ళయిపోయింది. నువ్వు ఎన్నయినా చెబుతావు."

పండుగ రోజు వచ్చింది. గేటు దగ్గర మస్తాన్ సాయంతో సంచి భుజానికెత్తుకున్నాను. అసలు కష్టం అప్పుడు తెలిసింది. బరువు మోస్తూ తేలిగ్గా కనిపించడం వేరు, దూది మోస్తూ నలభై కిలోల ముఖం పెట్టడం వేరు. మూలిగాను. మోకాళ్ళు వణికించాను. ముందు వరసలో ఒక ముసలమ్మ కళ్ళు ఒత్తుకుంది. ఆ మెప్పు నాకు తలకెక్కింది. సగం దూరం వెళ్ళాక నేను మోస్తున్నది బరువని మర్చిపోయాను. జుట్టు కళ్ళ మీద పడితే సంచి వదిలేసి రెండు చేతులతో సర్దుకున్నాను. వేదిక మెట్లు మూడూ ఒక్క అంగలో ఎక్కి, టిక్కీని వేళ్ళతో పట్టుకుని బల్ల ముందు దించాను. చప్పుడు కాలేదు. చర్చి మాత్రం చప్పట్లతో మోగిపోయింది. మామగారు మీసం దువ్వారు. సలోమి ఒక్కతే చప్పట్లు కొట్టకుండా సంచి వైపు చూస్తూ ఉంది.

పాస్టరుగారికి ఉత్సాహం ఆగలేదు. ఇంత చక్కగా మోసిన టిక్కీని భోజనాల దాకా ఆపడం ఎందుకు, దీనితోనే వేలం మొదలుపెడదామని మైకులో అన్నారు. ఈసారి నిజంగానే మూలిగాను. వెనక గుమ్మం దగ్గర మస్తాన్ రెండు చేతులూ ఎత్తి వద్దు వద్దని ఊపాడు. వేలం వేసే పెద్దాయన అది పాట అనుకుని ధర పెంచాడు. వాడు ఇంకా గట్టిగా ఊపాడు. ఆయన ఇంకా పెంచాడు.

మామగారు లేచారు. మా ప్రాంతంలో పుట్టి పెరిగి నేనెలా మర్చిపోయానో నాకిప్పటికీ తెలియదు. మిర్చిని పైకాయ చూసి ఎవరూ కొనరు. సంచి మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగుకాయ తీసి చూస్తారు. పసిపిల్లవాడికి కూడా తెలిసిన సంగతి.

"పైది చూసి పాడకండి. అడుగుకాయ చూడండి" అని మామగారు గర్వంగా చెయ్యి దూర్చి, పిడికెడు తీసి, పైకెత్తి జనానికి చూపించారు.

తెల్లగా ఉంది.

"అదేం తెగులండీ?" అని వెనకనుంచి ఎవరో రైతు భయంగా అడిగాడు.

మామగారు దాన్ని వాసన చూశారు. ఇంకో చెయ్యి దూర్చారు. అదీ తెల్లగానే వచ్చింది. ఆఖరికి సంచిని బోర్లించి ఒక్క గుంజు గుంజారు. మిర్చి, గింజలు, కారం ధూళి, దూది అన్నీ కలిసి సరిగ్గా ఫ్యాను కింద పడ్డాయి. ఇక చూడండి. చర్చి అంతా ఒక్కసారి దగ్గు అందుకుంది. నాకూ వచ్చింది. పరువు సంగతి తర్వాత, జాలీ సంగతి ముందు అనుకుని కుడిచేత్తో ఆ చోటు అదిమి పట్టుకుని వంగిపోయి దగ్గాను.

దగ్గుతూ తల ఎత్తితే మామగారు కూడా దగ్గుతున్నారు. ఎడమ చేత్తో ఎడమ వైపు అదిమి పట్టుకుని ఉన్నారు. ఆయన వెనకాల ఇంకో అల్లుడు, అదే చోట చెయ్యి. కిటికీ పక్కన ఇంకొకాయన. పండుగకని భార్యలతో వచ్చిన ఆ ఊరి అల్లుళ్ళందరూ, చిన్నా పెద్దా, అదే భంగిమలో దగ్గుతున్నారు. కుట్లు మానినా అలవాటు మానదు కాబోలు.

మామగారు నా చేతిని చూశారు. నేను ఆయన చేతిని చూశాను.

"ఎప్పుడు?" అన్నారు.

"క్రిస్మస్ అయ్యాకండి."

"నాది పెళ్ళయిన నెలకి. గట్టు మీద జారిపడ్డానని చెప్పాను."

మైకు ఇదంతా శ్రద్ధగా వినిపించింది. ఆడవాళ్ళ వైపు నుంచి అత్తగారు లేచి, ఇన్నేళ్ళూ ఆ గట్టుని తను ఊరికే తిట్టుకున్నట్టేనా అని అడిగారు. రిటైరైన హెడ్మాస్టరొకాయన, తనవి రెండు వైపులా అని ఎవరూ అడగకుండానే చెప్పారు.

సలోమి నా దగ్గరకి వచ్చింది. సంబంధం తప్పిన ఆ రెండేళ్ళ కిందటి పెద్దమనిషి కళ్ళ ముందు కనిపించాడు.

"ఆపరేషన్ అయినందుకు నాకేం కోపం లేదండి" అంది. "దూది మోస్తూ అలా మూలిగారే, దానికి ఏమనాలో తెలియడం లేదు. అసలు టిక్కీ ఎక్కడుంది?"

"ఆటోలో, పట్టా కింద" అన్నాను.

"మీరు పక్కకి జరగండి" అని వాళ్ళమ్మని పిలిచింది. ఇద్దరూ వెళ్ళి, ఆటోలోంచి దింపించి, సంచి చివర్లు చెరోవైపు పట్టుకుని, మాట్లాడుకుంటూ తీసుకొచ్చి బల్ల ముందు పెట్టారు. ఎవరూ మూలగలేదు. ఇన్ని తరాల అల్లుళ్ళ పొట్టలు కుట్టించాక గానీ, సంచికి రెండు చివర్లుంటాయని ఆ ఊళ్ళో ఎవరికీ తట్టలేదు.

పెళ్ళి అనుకున్న రోజుకే జరిగింది. వేలంలో ఆ టిక్కీ చేతులు ఊపిన పాపానికి మస్తాన్ పేర కొట్టేశారు. వాడింట్లో ఏడాది పాటు అన్నిట్లోనూ కారమే.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, నేను ఇప్పుడు మళ్ళీ జిమ్ముకి వెళ్తున్నాను, గాలి వదులుతున్నాను, మస్తాన్ చెప్పిన ప్లేటు తప్ప ఇంకోటి ముట్టుకోవడం లేదు. జిమ్ము బయట మాత్రం ఈ కంఠంలో ప్రాణం ఉండగా ఒంటిగా ఏ వస్తువూ ఎత్తనని ప్రతిజ్ఞ చేశాను. మొన్న తలగడ గలీబు మార్చమంటే, రెండో చివర పట్టుకోవడానికి రమ్మని సలోమిని పిలిచాను. తను ఆ తలగడ తీసి నా ముఖాన కొట్టింది. అది జారి నేల మీద పడింది. మూడు రోజులైంది, ఇంకా అక్కడే ఉంది. మాటంటే మాటే.