ఉన్ని టోపీల వేలం

మా ఆయన పోయిన మూడు నెలలకు జర్మనీ ప్రయాణం గురించి ఫోన్ వచ్చింది. డిసెంబరులో కొంతమందిని అక్కడికి తీసుకెళ్లే ఏర్పాట్లు మా చర్చిలోని ఒకతను చూస్తున్నాడు.

"ఏమనుకోకండి ఆంటీ. వీసాకు పేర్లు ఇయ్యాలె. అంకుల్ ప్లేస్‌ల ఎవరన్నా వస్తున్నరా, లేకపోతే ఇద్దరిదీ క్యాన్సిల్ చేయమంటరా? సాయంత్రానికి జెర చెప్పండి."

చెప్తానన్నాను. ఫోన్ పెట్టేసి ఫ్రిజ్‌లోంచి ఇడ్లీపిండి తీశాను.

ఆ ప్రయాణం నా ఉద్యోగంలోంచే పుట్టింది. పత్రికలో క్రిస్మస్ పేజీ ఏటా నాకే ఇచ్చేవారు, డెస్క్‌లో క్రైస్తవురాలిని నేనొక్కదాన్నే కాబట్టి. ఏజెన్సీ వార్తలు ముందు పెట్టుకుని జర్మనీ చలికాలపు సంతల గురించి రాసేదాన్ని. చెక్క గుడిసెల్లాంటి దుకాణాలు, చేత్తో చెక్కిన గొర్రెల కాపరులు, కాగితపు నక్షత్రాలు, పంచదారలో వేగుతున్న బాదం వాసన. ఆ వాసన వార్తలో ఉండేది కాదు, నేనే చేర్చేదాన్ని. మా ఆయన రైల్వే ఆఫీసుకు వెళ్లేముందు ఆ పేజీ చదివి, "చూసినట్టే రాసినవ్. ఒకసారి పోయి చూసొద్దాం, తప్పులుంటే దిద్దుకుందువు" అనేవాడు. ఇద్దరం రిటైరయ్యాక ఈ వేసవిలో నిజంగానే పేర్లిచ్చాం. సాయంత్రాలు ఆ ఊళ్ల సంతల వీడియోలు చూస్తూ, ఏ ఊళ్లో ఎంతసేపు తిరగాలో ఆయనే నిర్ణయించేవాడు. జూలైలో ఒక ఉదయం బాత్రూంలో పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

అప్పట్నుంచి నాకు ఏడుపు రాలేదు. వేళకు తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది. పలకరించడానికి వచ్చి ఏడ్చినవాళ్లకు నేనే కాఫీ ఇచ్చి, ఓదార్చి పంపాను.

ఫోన్ వచ్చిన ఆ ఆదివారం మా చర్చిలో కోతపండుగ. నన్ను తీసుకెళ్లడానికి మా ఆడపడుచు సీతాఫల్‌మండి నుంచి నేరేడ్‌మెట్ దాకా ఆటోలో వచ్చింది. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది, పెళ్లి చేసుకోలేదు.

"ఏందీ వదినా, ఇంకా తయారు గాలే? మంచిమంచివన్నీ అమ్ముడుపోతయ్."

"పోతే పోనీ. పోయినేడు కొన్న టేబుల్ క్లాతే ఇంకా విప్పలే."

"విప్పకుంటే నాకియ్యి. నా టేబుల్ మీద గుడ్డముక్క లేక బరిబత్తలున్నది."

ఆటో కదిలాక ఫోన్ సంగతి చెప్పాను. ఆమె రోడ్డువైపు చూస్తూ, "ఏమన్నవ్?" అంది.

"సాయంత్రం చెప్తనన్న."

"వద్దులే. ఆ చలి నీకెందుకు? మోకాళ్లు పట్టేస్తయ్." మెట్టుగూడ దాటాక ఆటోకు చిల్లర లెక్కపెట్టుకుంది. తర్వాత, "అయినా నీ ఇష్టం" అంది.

ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో షామియానాల కింద స్త్రీల సమాజం వాళ్ల అమ్మకం మొదలైంది. ఏడాది పొడుగునా వాళ్లు చేతులతో చేసినవన్నీ ఆ ఒక్కరోజే బయటికొస్తాయి. క్రోషియా లేసులు, బైబిల్ వాక్యాలు కుట్టిన గోడబట్టలు, వెదురుబద్దల నక్షత్రాలు, ఎండుగడ్డితో చేసిన పశువుల పాకలు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి పెట్టేశాను. కొనాలనిపించలేదు, వద్దనీ అనిపించలేదు. ఉన్ని బట్టల బల్ల దగ్గరికి వెళ్లేసరికి అక్కడున్నామె నన్ను చూసి గబుక్కున బల్ల కిందికి వంగింది. ఏదో కిందపడింది కాబోలనుకున్నాను.

ఆ తర్వాత వేలం. ఎవరి తోటలో పండింది, ఎవరింట్లో వండింది వాళ్లు తెచ్చి ఇస్తారు. ఆర్డర్ ఇచ్చి ఎవరూ తీసుకెళ్లని వస్తువుల్ని కూడా అందులోనే కలుపుతారు. పాడుకున్నవాళ్లు వస్తువును తిరిగి ఇచ్చేయడం మర్యాద, దాన్ని మళ్లీ వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయ ఆరోజు ఎన్ని చేతులు మారిందో! భర్త పోయినదాన్నని గౌరవంగా నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు.

వేలం వేసే సంఘపెద్ద రెండు ముదురెరుపు ఉన్ని టోపీలు పైకెత్తాడు.

"చూడండి, జోడు టోపీలు! చెవులు సుత మూసుకుంటయ్! ఆర్డర్ ఇచ్చిన పెద్దమనిషి తీసుకపోనీకి రాలేదు. ఎందుకు రాలేదో దేవునికే ఎరుక!"

వెనక స్త్రీల సమాజం వాళ్లు వద్దన్నట్టు చేతులు ఊపుతున్నారు. అప్పుడు గుర్తొచ్చింది. ప్రయాణానికి పేర్లిచ్చిన వారంలోనే మా ఆయన ఆ ఉన్ని బట్టల బల్ల దగ్గరున్నామెకు ఆర్డర్ ఇచ్చాడు. రంగు కూడా తనే చెప్పాడు. నేను మర్చిపోయాను, వాళ్లు మర్చిపోలేదు. నా చేతికి ఎలా ఇవ్వాలో తెలియక బల్ల కింద దాచి, చివరికి వేలంలో కలిపేశారు. అవి ఎవరివో సంఘపెద్దకు చెప్పలేదు.

వాళ్ల సైగలతో ఆయనకు విషయం అర్థమై, నన్ను చూసి, "ఇవి... పక్కన పెడదాం" అన్నాడు.

"ఎందుకు పెడతరు? ఐదొందలు!" నా పక్కన మా ఆడపడుచు లేచి నిలబడింది.

వెనక ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన, జరిగిందేమీ వినపడక, "ఆరొందలు" అన్నాడు.

"వెయ్యి! అంకుల్, మీరు కూసోండి!"

జనం నవ్వారు. టోపీలు ఆమె చేతికొచ్చాయి. సంఘపెద్ద మెల్లగా, "తిరిగి ఇస్తరా అమ్మా?" అని అడిగాడు.

"ఇయ్యను."

ఒకటి అక్కడికక్కడే పెట్టుకుంది. అది కనుబొమల దాకా జారింది. నడినెత్తిన ఎండ, చెంపల మీదుగా చెమట.

"ఎట్లున్నది?"

"కండ్లు మూసుకపోతున్నయ్."

అందరూ నావైపే చూస్తున్నారు, ఇప్పుడైనా ఏడుస్తానేమోనని. ఎవరో నీళ్ల సీసా అందించారు. తాగాను. సికింద్రాబాద్‌లో చెవులు మూసే టోపీతో ఎవరికీ పనిలేదు.

"పాస్‌పోర్ట్ ఉన్నదా?" అని అడిగాను.

ఆమె టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఉన్నది."

"ఎప్పుడు తీసుకున్నవ్?"

"అన్న పోయిన నెలకు." తడిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయింది. "అప్లై చేసి ఇంటికొచ్చి మస్తు ఏడ్చిన. అయినా క్యాన్సిల్ చేయలే. నువ్వు పిలుస్తవేమోనని చూసిన వదినా. నా అంతట నేను ఎట్ల అడుగుత?"

కోపం వస్తుందేమోనని కాసేపు ఆగాను. రాలేదు. అక్కడే కూర్చుని ప్రయాణం ఏర్పాట్లు చూసేతనికి ఫోన్ చేసి, మా ఆయన స్థానంలో ఆమె వస్తోందని చెప్పాను.

"గంత సప్పగ చెప్తవేంది? ఇష్టం లేకుంటే వద్దను. నేనేమనుకోను."

"ఇష్టమో కాదో నాకే తెలుస్తలేదు. తెలిసిననాడు చెప్త. నువ్వైతే రా."

ఆమె రెండో టోపీ నా సంచిలో పెట్టి, "ఇద్దరిదీ ఒకటే రూమ్. నాకు గురకొస్తది, ముందే చెప్తున్న" అంది.

"మీ అన్నకూ వచ్చేది."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. సంఘపెద్ద కాళ్లు కట్టిన కోడిని పైకెత్తి ధర చెబుతున్నాడు. నేను అటు చూస్తూ కూర్చున్నాను.