డాన్యూబ్ ఒడ్డున ఎదురెళ్లిన రోజు

మెట్రో తలుపులు మూసుకున్నప్పుడు కాదు నాకు భయం వేసింది. అద్దానికి అవతల నా కూతురు తమ్ముడి చెయ్యి పట్టుకుని, ఏదో ఆట గెలిచినట్టు నవ్వుతూ నాకేసి చెయ్యి ఊపుతోంది; బట్టల సంచులతో ఇవతల నిలబడ్డ నేను కూడా, తలుపులు మళ్లీ తెరుచుకుంటాయిలే అన్న ధీమాతో నవ్వాను. రైలు కదిలింది. నా కూతురి మొహంలోంచి నవ్వు జారిపోవడం నా కళ్లతో చూశాను చూడండి, అప్పుడు వేసింది భయం.

నిన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో జరిగిన సంగతి ఇది. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. స్కూల్ వార్షికోత్సవానికి బట్టలు కొనుక్కుని ఎల్బీ నగర్‌లో ఉన్న ఇంటికి బయలుదేరాం. పిల్లలు ముందు ఎక్కారు, నేను లోపలినుంచి దిగుతున్న ఎవరికో దారి ఇస్తూ ఒక్క అడుగు వెనక్కి వేశాను, అంతే. ప్లాట్‌ఫారం మీద ఉన్న సెక్యూరిటీ ఆమె పరుగున వచ్చి, తర్వాతి స్టేషన్ చైతన్యపురికి వాకీటాకీలో కబురు చెప్పి, ఇంకో రైలు ఇప్పుడే వస్తుంది, పరేషాన్ కావద్దమ్మా అని నా భుజం పట్టుకుని నిలబెట్టింది. ఆ రైలు వచ్చేలోగా నాకు గుర్తుకు రావలసింది దేవుడు. వచ్చింది మాత్రం బుడాపెస్ట్.

నేను జర్మనీలో చదువుకుంటున్న రోజులవి. మార్చి నెలలో చలి కాస్త వెనక్కి తగ్గి, వసంతం ఇంకా వాకిట్లోకి రాకుండా గడప దగ్గర తచ్చాడే సమయంలో మాకు సెలవులిచ్చేవారు. ఆ సెలవుల్లో ముగ్గురం కలిసి రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి బుడాపెస్ట్ చూడడానికి వెళ్లాం. మొదటిది నేను, అల్మాస్‌గూడ పిల్లను. రెండోది మా చిన్నమ్మ కూతురు, నా వెనకే ఆ దేశం వచ్చి నా వెనకే అదే కాలేజీలో చేరిన చెల్లెలు. మూడోది నా రూమ్మేట్, వాళ్లది భీమవరం వైపు, ఎప్పుడో ఎల్బీ నగర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఎక్కడికి వెళ్లాలి, ఏం చూడాలి, ఎన్నింటికి తినాలి అన్నీ రూమ్మేట్ చూసుకునేది. మా ముగ్గురి పాస్‌పోర్టులూ తిరుగు బస్సు టిక్కెట్లూ కూడా దాని బ్యాగులోనే ఉండేవి.

ఆ ఊరు ఇప్పటికీ నాకు పూర్తిగా మెలకువలో చూసినట్టు అనిపించదు. ఊరి మధ్యలో అంత వెడల్పు డాన్యూబ్ నది, దానికి అటో ఊరు ఇటో ఊరు, మధ్యన వంతెనలు. ఒడ్డు వెంబడి పసుపుపచ్చ ట్రాములు చప్పుడు లేకుండా జారుతూ ఉండేవి. చెట్లకు ఆకులు ఇంకా రాలేదు కానీ కొమ్మల చివర్లు మాత్రం గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రబారాయి. నది మెట్ల మీద ఎంతమందో కోటు గుండీలు విప్పుకుని, కళ్లు మూసుకుని, ఎండకేసి మొహం పెట్టి కూర్చునేవాళ్లు. ఎండను చూస్తే నీడకు పరిగెత్తే ఊరినుంచి వచ్చిన మాకు అది మహా వింత. మా చెల్లెలు రెండో రోజుకే కాళ్లు నొస్తున్నాయని వాళ్ల పక్కన చేరి కూర్చుని, “మూసీ గిట్ల ఉంటే మనం గింత దూరం ఎందుకొస్తుంటిమక్కా” అంది. నిన్ను తిప్పడం కంటే ఆ నదినే ట్యాంకర్లతో మీ ఇంటికి తోలించుకోవడం తేలిక అని రూమ్మేట్ దెప్పింది. కదలని మనిషి అని చెల్లెలికి మా ఇంట్లో మొదటినుంచీ పేరు.

ఆఖరి రోజు సాయంత్రం బస్సుకు ఇంకా వ్యవధి ఉందని ట్రామెక్కాం. చాలా రద్దీగా ఉంది, నేను తలుపు దగ్గరే ఇరుక్కున్నాను. కోఠి బస్సుల ఫుట్‌బోర్డు మీద నిలబడి కాలేజీకి వెళ్లిన నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, స్టాపు రాగానే మనం కిందికి దిగి, దిగేవాళ్లకు దారిచ్చి, బస్సు కదులుతుండగా కమ్మీ పట్టుకుని మళ్లీ ఎక్కుతాం. ఆ అలవాటు నా ఒంట్లోనే ఉంది. దిగాను. ఒక ముసలావిడ దిగింది, ఆవిడ వెనక ఇంకెవరో దిగారు. ఇటు తిరిగేసరికి తలుపులు మూసుకుని ట్రాము వెళ్లిపోయింది. పట్టుకోవడానికి కమ్మీ లేదు, ఆపమని అరవడానికి కండక్టరు లేడు. మా ఫోన్లు హాస్టల్ వైఫైలో తప్ప ఆ దేశంలో పనిచేయవు. నా చేతిలో ముగ్గురం పంచుకు తింటున్న దాల్చినచెక్క రొట్టె పొట్లం ఒకటి ఉంది. బస్సు బయలుదేరేలోపు వాళ్లను కలుసుకోలేకపోతే, పాస్‌పోర్టు కూడా లేని నేను ఆ ఊళ్లో ఎవరినీ కాను.

అక్కడే నిలబడి ఉంటే సరిపోయేది. కానీ నిలబడడం మా ఇళ్లలో ఎవరు నేర్పారు? మనిషి ఆలస్యమైతే ఎదురెళ్లడమే మాకు తెలిసిన పద్ధతి. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక వానరోజు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ నుంచి షేర్ ఆటో దొరక్క ఆలస్యమైతే, నాన్న స్కూటర్ మీద కర్మన్‌ఘాట్ దారిన ఎదురొచ్చాడట, అమ్మ గొడుగు పట్టుకుని కాలనీ వెనక దారిన వచ్చిందట, ఆ ఇద్దరూ ఇంకా రాలేదని నానమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మూలమలుపు దాకా వచ్చిందట. తెలిసినవాళ్లెవరో వాళ్ల బండి మీద వేరే సందులోంచి తీసుకొచ్చి దింపితే, నేను తడి బట్టలతో తాళం వేసిన తలుపు ముందు కూర్చున్నాను. ఇల్లంతా నాకు ఎదురుపోయింది. అంత చలిలోనూ ఆ తాళం చూస్తే నాకు వెచ్చగా అనిపించింది.

అందుకే డాన్యూబ్ ఒడ్డున కూడా, వాళ్లు తర్వాతి స్టాపులో దిగి భయపడుతుంటారని పట్టాల వెంబడి ఎదురు నడిచాను. నా పక్కనుంచే ఒక ట్రాము వెనక్కి వెళ్లింది. అందులో వాళ్లిద్దరూ నాకోసం ఎదురెళ్తున్నారని నాకేం తెలుసు? ఆ వేళకు నేను నదినే చూస్తున్నాను. పొద్దు వాలుతూ నీళ్ల మీద వెలుగు సన్నటి జరీలా పరుచుకుంది, ఒక్కొక్క వంతెన మీదా దీపాలు వెలుగుతున్నాయి. భయం ఉంది కానీ, దాని పక్కనే ఒక హాయి వచ్చి కూర్చుంది. ఫలానా వాళ్ల కూతురు కాదు, అక్క కాదు, పేరు తెలిసిన మనిషి ఒక్కరూ చుట్టుపక్కల లేరు. అంత అందమైన ఊళ్లో, పొట్లంలో వెచ్చటి రొట్టె పట్టుకుని నడుస్తున్న ఒక పిల్లను, అంతే. అలాంటి నడక నా జీవితంలో మళ్లీ రాలేదు.

తర్వాతి స్టాపులో వాళ్లు లేరు. అప్పుడు హాయి కాస్తా ఆవిరై భయం ఒక్కటే మిగిలింది. నది మసకబారింది, బస్సు వేళ దగ్గరపడింది. ఉరుకులు పరుగుల మీద దిగిన చోటికే తిరిగి వచ్చాను. స్టాపులో బల్ల మీద, ఒడిలో రూమ్మేట్ బ్యాగు పెట్టుకుని, మా చెల్లెలు ఒక్కతే కూర్చుని ఉంది.

“నువ్వు దిగిన కాడికే ఒస్తవని నాకెర్కనే. కూసో,” అంది.

రూమ్మేట్ ఏదని అడిగితే, నన్ను వెతకడానికి నది పక్క మెట్ల దారిన నడిచి వెళ్లిందని చెప్పింది. నేను వెంటనే అటు కదిలాను. చెల్లెలు నా మఫ్లర్ కొస పట్టుకుని లాగింది.

“నువ్వు పోతే ఆమె ఒస్తది, మల్ల ఆమె పోతే నువ్వొస్తవు. గిట్లనే తెల్లారుతది. ఎవరో ఒకరు కూసోవాలె గదనే అక్కా.”

కూర్చున్నాను. ఆ కాసేపు కూర్చోవడం అంత కష్టమైన పని అప్పటిదాకా నేను చేయలేదు. చీకటి పడుతుండగా రూమ్మేట్ వగరుస్తూ, ఏడ్చిన కళ్లతో మెట్లెక్కి వచ్చి మమ్మల్నిద్దరినీ చూసి, “మిమ్మల్నిద్దర్నీ ఈ ఏట్లో తోసేసి పోదును, మీ అమ్మలకేం చెప్పాలో తెలీక ఆగాను,” అని పక్కన కూలబడి, నా చేతిలోంచి ఆ రొట్టె లాక్కుని తినేసింది. బస్సు దొరికింది. దారంతా మా ఇద్దరి మధ్యా కూర్చున్న చెల్లెలు హాయిగా నిద్రపోయింది.

చైతన్యపురిలో నేను రైలు దిగేసరికి పిల్లలిద్దరూ ఒక సెక్యూరిటీ ఆమె పక్కన ఉన్నారు. పాప తమ్ముణ్ణి లాక్కుంటూ మెట్లు దిగిపోతుంటే, అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లి రైలెక్కి వెనక్కి వద్దామనుకుంటుంటే, ఆమె ఆపిందట. ఎందుకలా చేశావని అడిగాను. “నువ్వు ఏడుస్తుంటవని ఎదురొస్తున్న,” అంది నా కూతురు. దానికి ఈ మాట ఎవరూ నేర్పలేదు.

విని మా ఆయన, ఎక్కడున్నారో ఫోన్‌లో చుక్కలా చూపించే వాచీలు పిల్లలకు కొందామన్నాడు. కొంటాం, కొనక తప్పదు. మా నాన్న ఇప్పటికీ ఫోన్ చేసి యాడి దాంక ఒచ్చినవ్ బిడ్డా అని అడుగుతాడు, నేను లొకేషన్ పంపిస్తాను, ఆయన ఇంట్లోనే కూర్చుని టీవీ చూస్తుంటాడు. ఎవరూ ఎక్కడా తప్పిపోవడం లేదు, మంచిదే. కానీ ఒక మనిషి కోసం గొడుగు పట్టుకుని బయలుదేరిన వాళ్లతో ఇల్లంతా ఖాళీ అయిపోవడం నా పిల్లలకు ఎప్పటికీ తెలియదు. ఆ మిగిలిన కాస్త అలవాటును కూడా వాళ్లలో తుడిచేయవలసినదాన్ని నేనే అయ్యాను.

ఈరోజు పొద్దున పాపకు జడ వేస్తూ, బాబు బూట్లు వెతుకుతూ, ఇద్దరికీ చెప్పాను. ఎప్పుడైనా అమ్మ కనిపించకపోతే, రైల్లో ఉంటే తర్వాతి స్టేషన్‌లో దిగాలి, దిగిన చోటే కూర్చోవాలి, ఎవరు పిలిచినా కదలకూడదు, అమ్మ కోసం అసలే రాకూడదు. పాప నా చేతిలోంచి జడ లాక్కుని ఇటు తిరిగి, నువ్వు కూడా మాకోసం అట్లనే కూసుంటే ఎట్ల మరి అని అడిగింది.

“నేను కూసోను బిడ్డా,” అన్నాను. “నాకు కూసునుడు రాదు. మీరు కూసున్న కాడికి నేనే ఒస్త.”