దిబ్బ మీదికి వచ్చిన జర్మనీ దొరలు

సముద్రం మీద ఒట్టు, మా ఆవిడ మీద ఒట్టు, నాకు అన్నం పెడుతున్న ఫ్లెక్సీ మిషను మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మీరు నమ్మరని తెలుసు. ఇందుకూరుపేట సెంటర్లో నిలబడి నేను వాన పడుతోందంటే, తడుస్తున్నవాడు కూడా చెయ్యి చాపి చూసుకుంటాడు. అయినా ఈ ఒక్కసారికి నమ్మండి. అబద్ధం చెప్పేటప్పుడు నాకు హుషారుగా ఉంటుంది, ఆకలి కూడా బాగా వేస్తుంది. ఇది రాస్తుంటే మాత్రం ముద్ద నోట్లో పెట్టబుద్ధి కావడం లేదు.

నాది ఫ్లెక్సీల దుకాణం. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు, నాయకులకు స్వాగతాలు. ఫొటోలు వాళ్ళవి, పొగడ్తలు నావి. పక్కింటి కుక్కకు భయపడేవాణ్ణి పులి పక్కన నిలబెట్టి, కింద నాలుగు ముక్కలు రాసి, కరెంటు స్తంభానికి కట్టించడం నా వృత్తి. చెయ్యి తిరిగినవాడినని పేరు కూడా వచ్చింది. ఆ పేరు వినే ఒక ఆసామి నా దుకాణం మెట్లెక్కాడు.

మైపాడు వైపు సముద్రానికి దగ్గరలో ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. గుంటలకూ నీళ్ళకూ మధ్య పొడుగాటి ఇసుక దిబ్బ. పక్క పాలెంలోని జాలర్లు పడవలు లాక్కొచ్చి పెట్టుకునేదీ, వలలు అల్లుకునేదీ, వాళ్ళ ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునేదీ ఆ దిబ్బ మీదే. ఆసామికి అక్కడ ఉప్పునీళ్ళు తోడే మోటార్లకు షెడ్డు కట్టి, చుట్టూ కంచె వెయ్యాలని ఉంది. కంచె పడితే పాలెంవాళ్ళకు సముద్రం కంటికి కనిపిస్తుంది గానీ కాలికి అందదు. అప్పటికే ఆయన రొయ్యలు పట్టిన తర్వాత గుంట అడుగున మిగిలే నల్లటి బురదను ట్రాక్టర్లలో తెచ్చి దిబ్బ అంచున పోయిస్తున్నాడు. కుళ్ళిన గుడ్డును పాత గోనెసంచిలో చుట్టి ఎండలో పెడితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. ఆ పక్కనే చేపలు ఎండాలి.

దిబ్బకు పట్టా లేదు, ఒక ఆచారం ఉంది. వేట నిషేధం ముగిసి పడవలు నీళ్ళలోకి దిగే రోజు పొద్దున, అక్కడ గంగమ్మకు మొదటి కొబ్బరికాయ కొడతారు. ఈ ఒడ్డుకు అందరికన్నా ముందు వచ్చినవాళ్ళ ఇంటి మనిషే అది కొట్టాలి. కాయ ఎవరు కొడితే దిబ్బ మీద మాట వాళ్ళది. చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు ఇప్పటికీ దానికి కట్టుబడి ఉంటారు. పాలెంలో ఒక ముసలామె ఇంటివాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు, తరతరాలుగా ఆ కాయ కొడుతున్నారు.

ఆసామి ఆ కాయ మీద కన్నేశాడు. ముందు వచ్చింది మావాళ్ళే, మా వంశ చరిత్ర పుస్తకం ఉంది, మైకులో చదివి వినిపిస్తానని పెద్దల దగ్గర మాట విసిరేశాడు. సరే, తీసుకురా, విని తేలుస్తామన్నారు వాళ్ళు. ఇక పుస్తకం ఒక్కటే తక్కువ.

నా ఎదుట కుర్చీలో కూలబడి, కారు తాళంచెవితో చెవిలో గుబిలి తీసుకుంటూ అన్నాడు: "అబద్ధాలు బాగా రాస్తావంట గదబ్బయా."

"అబద్ధాలు గాదన్నా, అలంకారాలు."

"అదే. మా వంశానికి అలంకారం చెయ్యాల." తాళంచెవి కొసను ఒకసారి చూసుకుని, నా టేబుల్ గుడ్డకు తుడిచాడు.

ఆయన తాత సంగం ఊరి వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి కయ్యలు కౌలుకు చేసుకున్నాడని మా అందరికీ తెలుసు. మంచి మనిషని కూడా చెబుతారు. నేను ఆ కథనే కాస్త పెంచి, చవిటి నేలను వరి మడులుగా మార్చిన మహానుభావుడని రాసి చూపించాను. ఆయన ఆ కాయితాన్ని చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తాడు.

"ఇదేంది, కూలోళ్ళ కథ మాదిరుండాది? మా తాత మడక దున్నినాడని నేను మైకులో చదవాల్నా? కత్తులేవి? గుర్రాలేవి? అరే, ఒక్క కోటన్నా లేదే!"

"మన జిల్లాలో కోటంటే ఎవురో ఒకరు చూపించమంటారన్నా."

"పడిపోయిందని రాయి."

కత్తులు కావాలంటే ఎక్కడి నుంచైనా ఎత్తుకురావాలి. మన రాజుల కథ ఎత్తితే నెల్లూరు జిల్లాలో పట్టేసేవాడు ప్రతి టీ బంకు దగ్గరా ఒకడుంటాడు. అందుకని ఎవరూ పోని చోటికి పోవాలనుకున్నాను. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం ఫోన్లో వెతుక్కుంటూ పోయి పోయి బాల్టిక్ సముద్రం ఒడ్డున తేలాను. అక్కడ ఒక జర్మన్ దొరల వంశం దొరికింది. కోటలున్నాయి, గుర్రాలున్నాయి, డాలు మీద ఎలుగుబంటి బొమ్మ కూడా ఉంది. ఎగిరి గంతేశాను. తర్వాత చదవడం మొదలుపెట్టాను.

దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ కిందటి సంగతి. ఇప్పుడు లాత్వియా, ఎస్టోనియా అంటున్న తీరాన్ని అప్పట్లో లివోనియా అనేవారు. అక్కడి జనం చేపలు పట్టుకుంటూ, అడవిలో తేనె తీసుకుంటూ, తమ దేవుళ్ళను తాము కొలుచుకుంటూ ఉన్నారు. వీళ్ళను మతంలోకి తెస్తామంటూ జర్మనీ నుంచి బిషప్పులూ, శిలువ గుర్తు వేసుకున్న గుర్రపు సైనికులూ దిగారు. వాళ్ళ వెంట, సొంత ఊళ్ళో భూమి చాలని చిన్న దొరల కొడుకులు ఓడలెక్కారు. ఈ వంశానికి మూలపురుషుడు అలాంటివాడే. చేసిన యుద్ధానికి ప్రతిఫలంగా బిషప్పు అతనికి ఊళ్ళు రాసిచ్చాడు. ఊళ్ళంటే ఇళ్ళూ పొలాలే కాదు, అందులో మనుషులతో సహా.

తర్వాత బిషప్పులకూ ఆ సైనికులకూ పడక, వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్నారు. ఈ వంశం ఒక కొడుకును అటు, ఒక కొడుకును ఇటు పంపింది. ఎవరు గెలిచినా ఇల్లు మునగదు. తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అది తీరం దొరకే చెందాలట. చచ్చినవాళ్ళు ఎవరికి చెందాలో రాయలేదు. తరాలు గడిచేకొద్దీ, ఆ నేల ముందు ఎవరిదో వాళ్ళ మనవలూ మునిమనవలూ ఆ నేలకే కట్టుబానిసలయ్యారు. ఎవడైనా పారిపోతే దొరలు ఒకరికొకరు పట్టి అప్పగించుకునేవారు, తప్పిపోయిన గొడ్డును అప్పగించినట్టు. ఎస్టేటు చేతులు మారితే ఎద్దులతో పాటు మనుషులూ చేతులు మారేవారు. ఇదంతా ఆ వంశంవాళ్ళు ఏడుస్తూ రాసింది కాదు. మీసం దువ్వుకుంటూ రాసింది. చివర ఒక చర్చి, అందులో ఆ దొరల సమాధులు, వాటి మీద చెక్కిన శిరస్త్రాణాలు, దేవుడి పక్కనే ఎలుగుబంటి.

చేతిలో టీ చల్లారిపోయింది. మీగడ కట్టిన ఆ టీ చూస్తే ఓకారం వచ్చింది. రాత్రి అన్నం దగ్గర కూడా అదే పరిస్థితి.

"ఏంది, వేవిళ్ళా?" అంది మా ఆవిడ.

సంగతి చెప్పాను.

"ఎవురో ఎప్పుడో చేసినదానికి నీకిప్పుడు వాంతులా? మొన్న ఆ వడ్డీలాయన్ని ధర్మరాజని ఫ్లెక్సీ ఏసినావే, ఆ రోజు రాలేదే?"

మజ్జిగ తాగి లేచాను.

ఆ చరిత్రలో నాకు కాస్త ఊపిరాడింది ఒక్కచోటే. ఆ వంశంలో భర్త పోయిన ఒక ముసలి దొరసాని, చివరి రోజుల్లో ఒక చిన్న రేవు జాలర్లను పిలిపించి, ఈ ఒడ్డు మీకు ఇచ్చేస్తున్నాను, నా కొడుకులెవరూ అడ్డం రాకూడదు అని చెప్పిందట. ఆ ముక్క పట్టుకుని మిగతాదంతా రాయగలిగాను. బాల్టిక్ తీసేసి మన సముద్రం పెట్టాను. బార్లీ తీసి వరి వేశాను. ఎలుగుబంటిని సింహం చేశాను, అది నా అలవాటు. ఆ దొరసానిని ఆసామికి ముత్తవ్వకు ముత్తవ్వను చేశాను.

ఆ రోజుల్లోనే పాలెం ముసలామె ఎండుచేపల గంపతో నా దుకాణం ముందు ఆగింది.

"నువ్వేనా ఆయప్పకు వంశం కడతా ఉండేది?"

"పొట్టకూటికి అవ్వా."

"కట్టు నాయనా, ఎవురు వద్దన్నారు. మాకు పుస్తకాల్లేవు. మా అవ్వ కొట్టింది, మాయమ్మ కొట్టింది, నేను కొడతా ఉండా. రేపు కంచె ఏస్తే మావోళ్ళు పడవల్ని నెత్తిన బెట్టుకోని దూకాల్నా? అది గూడా ఆ పుస్తకంలో రాయి." గంపలోంచి గుప్పెడు నెత్తళ్ళు తీసి, నేను వద్దంటున్నా టేబుల్ మీద పెట్టి పోయింది. వాటికీ బురద వాసనే.

రాసింది పట్టుకుని ఆసామి ఇంటికి వెళ్ళాను. సోఫాకు షాపులో వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు, కూర్చుంటే తొడలకు అతుక్కుంటుంది. ఆయన వేయించిన రొయ్యల తలకాయలు జుర్రుతూ వింటున్నాడు. నాకు వెగటు పుట్టిన ప్రతిచోటా ఆయనకు ఉత్సాహం పుట్టింది. ఊళ్ళు తగలబెట్టిన చోట "అద్దీ!" అన్నాడు. చెరో పక్షానికీ ఒక కొడుకును పంపిన చోట తొడ చరిచాడు. పారిపోయినవాళ్ళ సంగతి రాగానే జుర్రడం ఆపాడు.

"ఒకరికొకరు పట్టిచ్చుకుంటారా? బలే ఏర్పాటబ్బయా! మా గుంటల కాడ కాపలావోళ్ళు చెప్పాపెట్టకుండా పోతుండారు. పక్క గుంటలాయన పిలిచి పనిస్తాడు. ఇట్టాంటి కట్టుబాటు ఉంటే ఎంత బాగుండు!"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గడ్డం మీద రొయ్య మీసం ఒకటి అంటుకుని ఊగుతోంది. నేను కిటికీ వైపు తిరిగి ఊపిరి తీసుకుందామనుకున్నాను. కిటికీలోంచి గుంటల గాలి కొట్టింది.

దొరసాని పేజీ వచ్చింది.

"ఈ ముసల్ది ఎవురు?"

"మీ వంశంలో పుణ్యాత్మురాలన్నా."

"పిచ్చిది. అందరికీ ఇచ్చేసుకుంటా పోతే వంశం ఎట్టా నిలబడతాది? కొట్టెయ్."

"ఉండనీండన్నా, చదివేటప్పుడు బాగుంటాది."

"కొట్టెయ్యమంటినే!" అని నా జేబులో పెన్ను తనే లాక్కుని, నూనె చేత్తో పేజీకి అడ్డంగా ఒక గీత గీశాడు.

కాయ కొట్టే రోజు పొద్దున్నే దిబ్బ మీదికి పాలెమంతా వచ్చింది. పడవలకు పసుపు కుంకుమలు పెట్టారు. ఊళ్ళ పెద్దలకు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, గాలి బురద మీదుగా వీస్తుంటే తువాళ్ళు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ముసలామె కాయ ఒళ్ళో పెట్టుకుని ఇసుకలో కూర్చుంది. ఆసామి తెల్లబట్టలు కట్టుకుని, బంగారు అక్షరాల అట్ట అందరికీ కనపడేలా పుస్తకం పైకెత్తి, మైకు అందుకున్నాడు.

మొదట్లోనే నా పని బయటపడింది. గడ్డకట్టిన సముద్రం మీద గుర్రాల మీద వచ్చి దీవుల్ని ముట్టడించారనే ముక్క మార్చడం మరిచిపోయాను. ఆయన అది కూడా గుక్క తిప్పుకోకుండా చదివేశాడు.

"అన్నా, మైపాడు సముద్రం గడ్డ గట్టిందా?" అని పడవ మీద కూర్చున్నవాడొకడు అరిచాడు.

"అప్పట్లో చలెక్కువ!" అన్నాడు ఆసామి మైకులోనే. "గమ్మునుండి వినండి."

నవ్వులు ఆగాక అసలు చోటికి వచ్చాడు. గొంతు పెంచాడు. "మా పూర్వీకులు ఓడల మీద ఈ తీరానికి వచ్చిరి. అప్పటికే ఇక్కడ వలలు ఎండబెట్టుకుంటూ బతుకుతున్న జనాన్ని కత్తులతో లొంగదీసి, ఈ ఒడ్డును వశం చేసుకొనిరి."

"అబ్బయా," అంది ముసలామె, "ఆ మాట ఇంకోతూరి చదువు. చెవులు సరింగా ఇనపడవు."

ఆయన పొంగిపోయాడు. ఇంకా గట్టిగా, ఒక చెయ్యి గాలిలో తిప్పుతూ చదివాడు.

"అప్పటికే ఉండినోళ్ళంటే ఎవురు నాయనా?"

"ఎవురేంది? మీరే! మీ తాతలే! మా కత్తి ముందర తల వంచినోళ్ళు!"

"సరేలే," అంది ఆమె. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, పడవ ముక్కు దగ్గరున్న రాయి మీద కాయ ఠప్పున కొట్టింది.

తర్వాత పెద్దల్లో వయసైన ఒకాయన ముక్కు మీది తువాలు తీసి అన్నాడు: "ఆయప్పే చెప్పె గదయ్యా, వీళ్ళు ముందుండారని. ఇంక మనం తేల్చేదేముండాది?" ఇంకొకాయన, "పుస్తకంలో గూడా అచ్చేసినాడు," అన్నాడు. పాలెంవాళ్ళ ఈలలకు కాకులు లేచాయి. పడవలు నీళ్ళలోకి దిగాయి.

కంచె పడలేదు. బురద పోయడం కూడా ఆగింది. పోసింది మాత్రం ఇంకా అక్కడే ఉంది. వాన చినుకు పడితే చాలు, లేచి పలకరిస్తుంది.

తర్వాత ఆసామి ఒకసారి నా దుకాణానికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తాళంచెవి తిప్పుకుంటూ కూర్చుని, "ఆ ముసల్దాని పేజీ ఉండుంటే?" అన్నాడు.

"దిబ్బ మీ వంశం దానం చేసిందని అయ్యుండేదన్నా. ఇచ్చినోళ్ళు గదా అని కాయ మీ చేతికే ఇచ్చుండేవాళ్ళేమో. మీరే గదా కొట్టేసినారు."

"పెన్ను నీదే గదా," అని లేచిపోయాడు.

ఒట్టు వేశాను గనక చివరికి ఒప్పుకోవాలి. ఇందులో ఒకటి నా కల్పన. గడ్డకట్టిన సముద్రం కాదు, అది నిజంగానే గడ్డ కట్టింది, గుర్రాలూ నడిచాయి. ఆసామీ కాదు, అలాంటివాణ్ణి కల్పించేటంత నీచపు ఊహ నాకు లేదు. నేను కల్పించింది ఆ దొరసానిని. ఆ వంశంలో అలాంటి మనిషి కోసం ఫోను వేడెక్కేదాకా వెతికాను. లేదు. ఒడ్డు తిరిగి ఇచ్చినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. అంత రోత చదివాక ఒక్క మంచి మనిషి లేకుండా పుస్తకం ముగించడానికి నా కడుపు ఒప్పుకోలేదు, అందుకని ఆవిణ్ణి పుట్టించాను. ఆ దొరల గురించి మీకు చెప్పిన మిగతావి, ఎద్దులతో పాటు మనుషుల్ని చేతులు మార్చుకోవడం దగ్గరనుంచి, చదివింది చదివినట్టే రాశాను. వాటిలో ఒక్కటైనా నేను అల్లిన అబద్ధమైతే ఈపాటికి నాకు ఆకలి వేసి ఉండేది.