బీడీల చాటల చెయ్యి

ఆ రోజుల్ల, అంటే నేను నల్లకోటు కొత్తగ కుట్టించుకున్న రోజుల్ల, లోకంల ఉన్న ప్రతి చిక్కుకూ లా పుస్తకంల జవాబు ఉంటదనుకునేదాన్ని. షోలాపూర్ భవాని పేట్‌ల మా మామ (అమ్మకు తమ్ముడు) పవర్‌లూమ్ మీద తువ్వాల అంచు దారం వదులు కాకుండ ఒక రేకు కొక్కెం చేసిండు. పేటెంట్ అడిగితే, "ఇది నేత తెలిసిన ఎవరికైనా తట్టేదే" అని ఆఫీసోళ్లు కొట్టేసిండ్రు. మామకు అన్నం సయించలే. "తాతల కాడి నుంచి నేస్తున్నం, ఎవనికి తట్టింది బిడ్డా?" అని నేను జూనియర్‌గ చేస్తున్న వకీల్‌సాబ్‌తోని అప్పీల్ వేయించిండు.

"పేట్‌ల చేయి తిరిగినోళ్లను అడిగి రా పో" అన్నడు వకీల్‌సాబ్. కొక్కెం పట్టుకొని మగ్గం మగ్గం తిరిగిన. చూసినోళ్లంత "హే, గిదేముంది, నాకు ఎప్పుడో తెలుసు!" (మా పేట్‌ల 'నాకు తెల్వదు' అన్న మొగమనిషిని నేను ఇప్పటిదాక చూడలే.) మామ కేసును నేనే ముంచుతున్ననా అనిపించింది. తెల్లారి కొక్కెం సంచిల దాచి, "అంచు దారం వదులైతే ఏం చేస్తరు కాకా?" అని మాత్రమే అడిగిన. ఒకాయన ముడి ఏస్త అన్నడు, ఇంకొకాయన సేటును తిడ్త అన్నడు. కొక్కెం మాట ఒక్కరూ ఎత్తలే! మరి మామకెట్ల తట్టింది? అడిగితే "తట్టింది పో" అని మొకం తిప్పుకున్నడు.

విచారణ వీడియోల. మామ ఇంట్లనే ల్యాప్‌టాప్ పెట్టినం. అత్త పక్కనే చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుడుతున్నది. జడ్జి సార్ కూడా అదే అడిగిండు, ఎట్ల తట్టిందని. మామ ఒకసారి అత్త దిక్కు చూసిండు.

"సార్, మా ఇండ్లల్ల బీడీల చాటల మొగోళ్లు చెయ్యి పెట్టొద్దు. తంబాకు మానేసిన అని ఈమెకు ఒట్టేసిన. ఒకనాడు చిటికెడు తీయబోతే, దారం జారకుండ ఈమె చాటకు పెట్టుకున్న రేకు నా వేలు పట్టుకున్నది. అదే మగ్గానికి పెట్టిన."

అత్త కత్తెర ఆగింది. "అరే దేవా! తంబాకు తక్కువొస్తుందని బీడీ కార్ఖానల మాటలు పడ్డది నేను, దొంగ ఇంట్లనే ఉన్నడా!" మైకు బంద్ చేయాలని నాకు తోచనే లేదు. జడ్జి సార్ నవ్వు ఆపుకొని, "నేతగాడు మగ్గం బాగుకు బీడీల చాటల ఎతుకుతడా?" అన్నడు.

"ఎతకడు సార్," అన్నడు వకీల్‌సాబ్. "ఎతికితే ఏమైతదో ఇప్పుడే విన్నరు."

అప్పీల్ గెలిచినం. "నా రేకు, నా పేరు" అని అత్త పట్టుపట్టి పేటెంట్‌ల తన పేరు కూడ ఎక్కించుకున్నది. ఆనక చాటకు ఇంకో రేకు బిగించింది. అదెందుకో మామ అడగలే. ఆ నల్లకోటు ఇప్పుడు నాకు పట్టదు. కొక్కెం పట్టుకొని మగ్గాలెంబడి ఉరికిన ఆ పిల్ల యాదికొస్తే నవ్వొస్తది, పాపం అనిపిస్తది. అత్త పక్కన కూసున్నప్పుడు మాత్రం నా చేతులు ఇప్పటికీ ఒళ్లెనే పెట్టుకుంట.