తలలేని గుర్రం కింద సంతకం

మా నానమ్మ మొదలుపెట్టిన ఏ పనినీ వదిలిపెట్టదు. పూర్తి చేస్తే వదిలిపెట్టాల్సి వస్తుంది కాబట్టి పూర్తి చేయదు. మంచం కింద ఉండే రేకు పెట్టె అందుకు సాక్ష్యం. ఆవిడ యౌవనం నుంచి నిన్నటిదాకా సగంలో ఆగిపోయినవన్నీ దాంట్లోనే ఉన్నాయి. పిడి ఊడిన పేము బుట్ట, రెక్క విరిగిన మట్టి పావురం, పూసలు రాలిన పర్సు. ఆ పర్సు ఎదురింటి టీచరమ్మది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బాగుచేసి పెట్టమని ఇచ్చింది. ఆవిడ రిటైరైంది. పర్సు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

"నా పర్సు ఎంతవరకు వచ్చిందండీ?" అని టీచరమ్మ అడిగితే నానమ్మ తడుముకునేది కాదు. "సరైన పూస దొరకలేదమ్మా. ఏదో ఒకటి గుచ్చి చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పదు" అనేది. వినేవాళ్ళకి తప్పంతా పూసల కొట్టువాడిదే అనిపించేది. వీధిలో అందరూ ఆవిణ్ణి 'రేపటి మామ్మ' అనేవారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. బిరుదు వచ్చినట్టే ఉండేది.

పెట్టె అడుగున అసలు ఆస్తి ఉండేది. అవి క్రాస్ స్టిచ్ బొమ్మలు. మ్యాటీ గుడ్డ మీద గళ్ళు లెక్కపెట్టుకుంటూ, ఒక్కో గడిలో దారం ఇటొకసారి అటొకసారి ఏటవాలుగా వేసి కుట్టేవి. కొలనులో హంస మెడ దాకా వచ్చింది. పడవకి తెరచాప లేదు. అన్నిటికన్నా పెద్దది గుర్రం. దానికి కాళ్ళున్నాయి, తోక ఉంది, వీపు మీద జీను కూడా ఉంది. తల మాత్రం లేదు.

"తల నుంచే మొదలుపెట్టొచ్చుగా నానమ్మా?" అని ఒకసారి అడిగాను.

"తల కష్టమే పిల్లా. కాస్త చెయ్యి తిరిగాక కుట్టాలి."

చెయ్యి తిరుగుతూనే ఉంది. నాకు తెలిసిన సంగతి ఏమిటంటే, పెట్టెలో ఉన్నంతకాలం అది లోకంలోకెల్లా అందమైన గుర్రం. దాని కళ్ళ గురించి నానమ్మ చెబుతుంటే వినాలి! నిజంగా కుట్టేస్తే అందరూ చూస్తారు, ఒకరు మూతి బాగాలేదంటారు, ఇంకొకరు చెవి వంకరంటారు. లేని తలకి ఎవరు వంక పెడతారు?

ఇంతలో ఇల్లు మారాల్సి వచ్చింది. కొత్త ఇల్లు ఒక అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు. గదులు ఇరుకు. మా అమ్మ మందుల గోడౌన్‌లో స్టోర్ కీపరు. గడువు దాటిన సరుకు కనబడితే ఆవిడ చేతులు దురద పెడతాయి. టేపు పట్టుకెళ్ళి కొత్త ఇల్లంతా కొలిచి వచ్చింది.

"అత్తయ్యా, ఈ పెట్టెకి అక్కడ చోటు లేదు."

"నాకుందా?"

"మీకెందుకు లేదు? పెట్టెకే లేదు."

"పెట్టె పట్టని ఇంట్లో నేనెలా పడతానే? నన్ను కూడా పాత సామాన్లవాడికి వేసెయ్. తూకానికి బాగానే వస్తాను."

మా నాన్న వెంటనే బూట్లు పాలిష్ చేసుకోవడం మొదలుపెట్టాడు. తల్లికీ పెళ్ళానికీ మాటామాటా వచ్చినప్పుడల్లా ఆయన చేసే పని అదే. ఆ వీధిలో అంత తళతళలాడే బూట్లు ఇంకెవరికీ లేవు.

చివరికి అమ్మే ఒక మెట్టు దిగింది. "సరే. పూర్తయినవన్నీ మనతో వస్తాయి. సగంలో ఉన్నవి రావు. లారీ వచ్చేదాకా మీ ఇష్టం."

నానమ్మ కళ్ళజోడు తుడుచుకుని కిటికీ పక్కన చతికిలబడింది. ఇక చూడాలి హడావుడి! నేను చదువు ఎలాగూ మధ్యలో ఆపేసి ఇంట్లోనే ఉన్నాను కాబట్టి సూదిలో దారం ఎక్కించే ఉద్యోగం నాకొచ్చింది. "అదైనా సరిగ్గా ఎక్కించు. పరీక్ష అనుకుని వదిలెయ్యకు" అని నియామకం రోజే దీవించింది.

పావురానికి రెక్క అతికింది కానీ తలకిందులుగా అతికింది. ఇప్పుడది ఎగురుతున్నట్టు లేదు, బస్సు ఆపమని చెయ్యి ఎత్తినట్టుంది. బుట్టకి పిడి వచ్చింది, పట్టుకుంటే బుట్ట కింద ఉండిపోయి పిడి మాత్రం చేతికి వచ్చేది. టీచరమ్మ పర్సుకి అన్నేళ్ళుగా దొరకని సరైన పూసలు ఒక్క పూటలో దొరికాయి. నాన్న ఆఫీసుకి వెళ్ళబోతూ చొక్కాకి గుండీలేవని కేకలు పెడితే ఎక్కడ దొరికాయో తెలిసింది. టీచరమ్మ మూతితో సహా కుట్టుకుపోయిన ఆ పర్సుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఎలా తీయాలండీ?" అంది.

"తీయడం ఎందుకమ్మా? డబ్బు ఖర్చయిపోతుంది" అంది నానమ్మ.

చిల్లర పనులు అలా తెమిలాయి. బొమ్మలు మిగిలాయి. గుర్రం తల నమూనా కాగితం ముందు పెట్టుకుని రోజంతా గళ్ళు లెక్కపెట్టింది, ఒక్క కుట్టు వేయలేదు. మర్నాడూ అంతే. లారీ రేపనగా నన్ను పిలిచింది.

"ఒసేయ్, ఎర్ర దారం ఎక్కించు."

"గుర్రానికి ఎర్ర తలా?"

"నోరు మూసుకుని ఎక్కించు."

క్రాస్ స్టిచ్ కుట్టేవాళ్ళు బొమ్మంతా అయ్యాకే మూలన పేరు కుడతారు. పేరు పడిందంటే ఇక ఆ గుడ్డ మీద సూది పెట్టరు. నానమ్మ గుర్రం కింద, కుడివైపు మూలన తన పేరు కుట్టింది. తర్వాత హంస కింద. తర్వాత పడవ కింద. చకచకా, తల ఎత్తకుండా. పేరు కుట్టడంలో మాత్రం ఆవిడ చెయ్యి బాగా తిరిగింది.

మర్నాడు లారీ గుమ్మంలో ఉండగా అమ్మ పెట్టె తెరిచింది. గుర్రాన్ని బయటికి తీసి, నిలువుగా పట్టుకుని, అడ్డంగా పట్టుకుని చూసింది.

"దీనికి తల లేదు."

"లేదు."

"మరి పూర్తయిందంటారేం?"

"కింద పేరు లేదూ? కుట్టినదాన్ని నేను. అయిందో లేదో నేను చెప్పాలా, నువ్వు చెప్పాలా? నీ గోడౌన్‌లో సీసా మీద ఏది రాసుంటే అదేగా నమ్ముతావు!"

నాన్న బూట్ల కోసం వెతికాడు. అవి అప్పటికే లారీ ఎక్కేశాయి. పాపం, ఏం చేయాలో తోచక అలాగే నిలబడ్డాడు.

అమ్మ గుర్రాన్ని మడిచి జాగ్రత్తగా లోపల పెట్టింది. "నిజమే అత్తయ్యా, మీరు చెప్పాక ఇంకేముంది? పూర్తయింది" అని నవ్వింది. మా అమ్మ అరిస్తే నాకు భయం లేదు. నవ్విందంటే మాత్రం రెండడుగులు వెనక్కి వేస్తాను. నానమ్మకి ఆ తెలివి లేదు. గెలిచిన ఆనందంలో లారీ డ్రైవరు పక్కన కూర్చుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుంటానని పేచీ పెట్టింది.

కొత్త ఇంట్లో సామాన్లు సర్దడం అయీ అవకముందే అమ్మ ఒకరోజు పెద్ద పొట్లంతో వచ్చింది. విప్పితే గుర్రం, హంస, పడవ. మూడింటికీ అద్దాలు, నల్లని చెక్క ఫ్రేములు.

"ఏమిటే ఇవి?" అంది నానమ్మ.

"పూర్తయిన బొమ్మలు పెట్టెలో ఎందుకు అత్తయ్యా? నలుగురూ చూడాలి. మీ పేరు కూడా ఉందిగా!"

హాల్లో సోఫా పైన గుర్రాన్ని తగిలించింది. తలుపు తీయగానే ఎదురుగా అదే. నానమ్మ మొదటి రోజు "బాగానే ఉంది" అంది. రెండో రోజు కుర్చీ తిప్పుకుని గోడకి వీపు పెట్టి కూర్చుంది. కాలింగ్ బెల్ మోగితే చాలు, వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది. పాలబ్బాయి "గుర్రం తల పక్కింట్లో ఉందామ్మా?" అని అడిగిన పూట ఆవిడ అన్నం సగంలో వదిలేసింది. అన్నం కూడా సగంలోనేనా అని నేను అనబోయి, మొహం చూసి మింగేశాను.

ఆ ఆదివారం కింది అంతస్తులో ఉండే డ్రాయింగ్ మాస్టారు పరిచయం చేసుకుందామని వచ్చారు. గుర్రం ముందు ఆగిపోయారు. దగ్గరికి వెళ్ళారు, వెనక్కి వచ్చారు, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎవరు చేశారమ్మా ఇది?"

అమ్మ మర్యాదగా నానమ్మ వైపు చెయ్యి చూపించింది.

"అద్భుతం! పరిగెత్తేవాడికి తల ఎందుకు? మనందరి బతుకూ ఇదే కదా! ఆ తల లేకపోవడంలోనే మొత్తం భావం ఉంది. ఎంత ఆలోచిస్తే ఇంత ధైర్యం వస్తుంది!"

నానమ్మ మొహం వెలిగింది. నేను కళ్ళారా చూశాను. ఒక్క తల ఊపు చాలు, జన్మలో మళ్ళీ ఏ బొమ్మకీ తల కుట్టక్కర్లేదు. నానమ్మ మాస్టారిని చూసింది, గుర్రం మెడ దగ్గర దారం తెగిన చోటు చూసింది. మొహంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది.

"భావం లేదు, గీవం లేదు నాయనా" అంది. "భయం. తల నాకు రాదు. నలభై ఏళ్ళ నుంచి రాదు."

ఈసారి అమ్మ నవ్వలేదు.

"అమ్మాయ్, దించు దాన్ని. ఆ పేరు విప్పాలి."

అమ్మ స్టూలెక్కి గుర్రాన్ని దించింది. ఫ్రేము వెనక మేకులు తనే ఊడదీసింది. "గడువేం లేదులెండి అత్తయ్యా" అంది. నానమ్మ ఆ మాట నమ్మలేదనుకోండి, అది వేరే సంగతి.

మూతికి గోధుమ రంగు తక్కువైతే అమ్మే గోడౌన్ నుంచి వస్తూ దారపు లచ్చి తెచ్చింది. మాస్టారు మాత్రం ఇంకా బాధపడుతూనే ఉన్నారు, లిఫ్టులో కనబడితే "తల పెట్టేస్తున్నారా?" అని దిగులుగా అడుగుతారు. నిన్నటికి ఒక కన్ను, రెండు చెవులు వచ్చాయి. చెవులు మరీ పొడుగు.

"నానమ్మా, ఇది గుర్రం కాదు, గాడిద."

"అవదూ మరి!" అంది నానమ్మ, గుడ్డ మీంచి చూపు తీయకుండా. "పొద్దుట్నుంచీ ఎదురుగా కూర్చుంది ఎవరు?"