రన్‌వే కింది మోరీ

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది, ఎండాకాలంలో, వరంగల్ శివారులోని ఒక కాలేజీలో అమ్మాయిల హాస్టల్ కట్టించే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి తొమ్మిదేళ్లు. ఆ క్యాంపస్ ఒకప్పుడు మిలిటరీ విమానాల మైదానం. విమానాలు దిగిన రన్‌వేనే ఇప్పుడు క్లాసుల నుంచి మెస్‌కు వెళ్లే దారి. వాటిని నిలిపిన రేకుల హ్యాంగర్‌లో పిల్లలు షటిల్ ఆడుతుంటారు. పాత నక్షాలు మాత్రం ఎవరి దగ్గరా లేవు. మా ఆఫీసులో ఉన్నది సరిహద్దులు చూపే ఒక్క కాగితం.

హాస్టల్ స్థలం రన్‌వే పక్కనే. పునాదికి ముందు సాయిల్ టెస్ట్ చేయించాం. అంటే సన్నటి బోర్లు వేసి, ఎంత లోతులో ఎలాంటి మట్టి ఉందో చూడటం. నాలుగు మూలలా గట్టి మొరమే వచ్చింది. ఇక గుంతలకు ముగ్గు పోయిస్తుంటే, క్యాంపస్‌లో తోటపని చేసే ఎల్లమ్మ వచ్చి నిలబడింది. డెబ్బై దాటిన మనిషి.

"బిడ్డా, గీడ కడ్తరా? దీని కింద మోరీ ఉన్నది."

కాంట్రాక్టర్ నవ్వాడు. "నీకెట్ల తెలుసవ్వా?" అని అడిగాను.

"చిన్నప్పుడు గీడనే మేకలు కాసిన. రన్‌వే కింద నుంచి గీ దిక్కు వాన నీళ్లు పోనీకి కట్టిన్రు. ఓసారి మేకపిల్ల లోపల్కి పోతే పాక్కుంట పోయి తెచ్చిన. మా అయ్య మస్తు కొట్టిండు. తర్వాత మిలిటరోళ్లు రాళ్లేసి మూతి మూసిన్రు."

గాలి ఎటు వీస్తుందో చూపే స్తంభం తాలూకు సిమెంటు దిమ్మె ఇంకా గడ్డిలో ఉంది. అక్కడి నుంచి నలభై అడుగులని ఆమెకు గుర్తు. పని ఆపించాను. ఆమె నలభై అడుగులు నడిచి నిలబడ్డ చోట ట్రయల్ పిట్, అంటే పరీక్ష కోసం తీసే గుంత, తవ్వించాను. నిలువెత్తు లోతుకు వెళ్లినా మొరమే.

"మేడం, ముసలవ్వ మాట పట్టుకుంటే రెండు రోజులు ఖతం. వానలొస్తే పనెట్ల?" అన్నాడు కాంట్రాక్టర్. మా పై ఆఫీసరు సారు ఫోన్లోనే విసుక్కున్నారు. "రిపోర్ట్ బాగనే ఉన్నది కదమ్మా. రేపు గుంతల తవ్వకం మొదలు కావాలె."

ఎల్లమ్మ తల వంచుకుంది. "మతికి లేదేమో బిడ్డా. మీ పని ఖరాబ్ చేసిన."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆమెకు అబద్ధం చెప్పే అవసరం ఏముంది? ఆ మోరీ నిజంగానే ఉంటే, మూడంతస్తుల నిండా ఆడపిల్లలను డొల్ల నేల మీద పడుకోబెట్టినట్టే. "రేపొక్క పూట ఇయ్యండి సార్. బాధ్యత నాదని రాసిస్త," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమెను అడిగాను. "అవ్వా, అప్పుడు నువ్వెంత ఉంటివి?"

ఆమె చెయ్యి నా నడుము దగ్గర ఆగింది. "గింత."

అప్పుడు తట్టింది. అవి చిన్నపిల్ల అడుగులు! మేం దాటి వచ్చేశాం. నిన్నటి గుంత నుంచి దిమ్మె వైపు కాలువలా తవ్వుకుంటూ రమ్మన్నాను. పదిన్నరకు జేసీబీ బకెట్ ఇటుకలకు తగిలింది. మట్టి జారి బొక్క పడింది. టార్చ్ వేసి చూస్తే లోపల ఇటుకల కమాను, సరిగ్గా మా నడిమి వరుస స్తంభాలు రావాల్సిన చోటు కిందుగా పోతోంది. ఒకచోట అప్పటికే పగుళ్లిచ్చి కుంగింది.

ఎల్లమ్మ అంచున కూర్చుని తొంగి చూసింది. "గింత సన్నగుండెనా! ఎట్ల పట్టిన్నో ఏమో," అని చిన్నపిల్లలా నవ్వింది. కాంట్రాక్టర్ వెళ్లి ఆమెకు కుర్చీ తెచ్చాడు.

సారు స్వయంగా వచ్చి చూశారు. "డ్రాయింగ్ మార్చు," అన్నారంతే. హాస్టల్‌ను పక్కకు జరిపి, మళ్లీ బోర్లు వేయించి కట్టాం.

కట్టడం పూర్తయ్యాక, ఉన్నదున్నట్టు చూపే చివరి నక్షాలో మోరీ గీత గీసి, "జాడ చెప్పినవారు: ఎల్లమ్మ, తోటపని" అని రాశాను. అలా పేర్లు రాసే పద్ధతి లేదు, తీసేయమన్నారు ఆఫీసులో. నేను తీయలేదు.

మట్టిని పరీక్షించడం చదువులో నేర్చుకున్నాను. ఆ నేల మీద తిరిగినవాళ్లను అడగాలని, వాళ్ల మాటకూ నా గుంతకూ పొంతన కుదరకపోతే ముందు నా కొలతనే అనుమానించాలని ఎల్లమ్మ దగ్గర నేర్చుకున్నాను.